అయిదు నెలల ఆడ కుందేలు రొమ్ము బొచ్చు పీక్కుంటోంది: గజ్జి మందు వేయాలా?

గుణుపురం నుంచి మీరు అడిగింది ఇదీ: బరంపురంలో రెండూ ఆడవే అని చెప్తే జతగా కొన్న కుందేళ్ళలో ఒకటి, అయిదు నెలలది, మెడ కింద, రొమ్ము మీద బొచ్చు నోటితో పీకి, గడ్డితో కలిపి బోను మూలన పోగు పెడుతోంది. చెయ్యి పెడితే గుర్రుమని మీదికి వస్తోంది. దుకాణం వాళ్ళు గజ్జి అని వీపు మీద వేసే చుక్కల మందు ఇచ్చారు.

ముందు ఆ మందు పక్కన పెట్టండి. సీసా మీద ఫిప్రోనిల్ అని ఉంటే కుందేలుకి ఎప్పుడూ వేయకూడదు. కుక్కలకి పేలు, గోమార్లకి వాడే మందు అది. కుందేళ్ళకి దానివల్ల మూర్ఛలు రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు.

మీరు చెప్పిన లక్షణాలు గజ్జివి కావు, గూడు కట్టుకునేవి. గడ్డి నోటికి అడ్డంగా కరుచుకుని తిరగడం, బొచ్చు పరవడం, ఆ మూలకి ఎవరినీ రానివ్వకపోవడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే దాదాపు అనుమానం అక్కర్లేదు. చిన్న జాతి కుందేళ్ళు మూడున్నర, నాలుగు నెలలకే ఈడుకొస్తాయి, మధ్యరకానివి 4 నుంచి 6 నెలలకి. ఆవుకో మేకకో వచ్చినట్టు వీటికి ఎద రోజులు లెక్కగా రావు. మగది ఎక్కితే ఆ ప్రేరణకే సుమారు 10 గంటల్లో అండాలు విడుదలవుతాయి. చిక్కేమిటంటే తోటి ఆడది ఎక్కినా అదే జరగొచ్చు, మనం నడుము మీద గట్టిగా నిమిరినా జరగొచ్చు. అప్పుడు పిల్లలు లేకుండానే ఒళ్ళు చూడి కట్టినట్టు నడుచుకుంటుంది. ఈ ఉత్తుత్తి చూడి 16 నుంచి 18 రోజులు ఉంటుంది, చివరి రోజుల్లో బొచ్చు పీకి గూడు కడుతుంది. నిజం చూడి అయితే 30 నుంచి 32 రోజులు, బొచ్చు పీకడం ఈనడానికి కొద్ది గంటల నుంచి కొన్ని రోజుల ముందు. కాబట్టి ఒకటి మీద ఒకటి ఎక్కడం ఏ తేదీన చూశారో గుర్తుంటే లెక్క వేయండి. రెండు వారాలు దాటి కొద్ది రోజులే అయితే ఉత్తుత్తిదే కావచ్చు, నెల నిండుతుంటే పిల్లలకి సిద్ధం కావాలి.

రెండో కుందేలు నిజంగా ఆడదేనా అన్నది ఈరోజే తేల్చుకోండి. పిల్లలప్పుడు మగా ఆడా తేడా తెలియక దుకాణాల్లో తప్పు చెప్పడం చాలా మామూలు. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, నడుముకి ఆసరా ఇచ్చి, తోక దగ్గర జననాంగం పక్కన రెండు వేళ్ళతో మెల్లగా నొక్కితే, ఆడదానికి నిలువు చీలిక కనిపిస్తుంది, మగదానికి గుండ్రటి రంధ్రంతో చిన్న గొట్టంలా పైకొస్తుంది. మూడు నెలలు దాటిన మగదానికి వృషణాలు రెండు పక్కలా, బొచ్చు తక్కువగా ఉన్న పొడవాటి సంచుల్లా తెలుస్తాయి. భయపడితే లోపలికి లాగేసుకుంటాయి, అందుకని ఒక్కసారి చూసి ఆడదే అని ఖాయం చేయకండి. తన్నుకుంటే వదిలేయండి, గట్టిగా పట్టుకుంటే వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది.

మగదని తేలితే వెంటనే వేరే బోనులోకి మార్చండి. ఈనిన రోజే ఆడది మళ్ళీ చూడి కట్టగలదు. ఆడది ఈనడానికి సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న చెక్క లేదా అట్టపెట్టె, ముందు గోడ 15 సెంటీమీటర్ల ఎత్తుతో పెట్టి, అడుగున ఎండు వరిగడ్డి వేసి, అది పీకిన బొచ్చు కూడా అందులోనే పెట్టండి. పిల్లలు పుడితే ఒంటిమీద బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని ఉంటాయి. తల్లి రోజంతా దగ్గర లేదని కంగారు పడకండి. 24 గంటల్లో ఒకటి రెండుసార్లు, కొద్ది నిమిషాలే పాలిస్తుంది. పొద్దున్న పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే పాలు తాగినట్టే.

రెండూ ఆడవే అయితే గూడు జోలికి పోకండి. శుభ్రం చేద్దామని తీసిపారేస్తే మళ్ళీ కొత్తగా పీక్కుంటుంది, చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. దానంతట అది మానేసి రెండు మూడు రోజులయ్యాక తీయండి. పొదుగులు కొంచెం ఉబ్బినా పిండకూడదు, పిండితే పాలు ఇంకా ఊరతాయి. వేడిగా, గట్టిగా, ఎర్రగా లేదా నీలంగా అయితే డాక్టర్ చూడాలి. నిమరాలంటే నుదురు, బుగ్గలు, చెవుల మొదలు చాలు. నడుము, తోక వైపు వద్దు.

ఇప్పుడు అన్నిటికంటే కనిపెట్టి చూడాల్సింది తిండీ పెంటికలూ. గూడు ధ్యాసలో ఉన్న కుందేలు తిండి తగ్గిస్తుంది, పేగు మందగిస్తుంది, మింగిన బొచ్చు లోపల ఆగుతుంది. 10, 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు చిన్నవై ఆగిపోయినా, రేపు చూద్దాం అనుకోవద్దు, ఆ పూటే తీసుకెళ్ళాలి. ఎండుగడ్డి ఎప్పుడూ నిండుగా ఉండాలి. తిమోతి గడ్డి తెప్పించుకోలేకపోతే గరిక కోసి నీడలో ఆరబెట్టింది బాగా పనికొస్తుంది. పొలం గట్టు గరిక అయితే కలుపు మందు కొట్టారేమో అడగండి. వానాకాలంలో బూజు వాసన ఉన్న గడ్డి పూర్తిగా పారేయాలి. వరిగడ్డి పరుపుకి మంచిది, తిండికి సరిపోదు. గుళికల దాణా కిలో బరువుకి రోజుకి 25 గ్రాములు చాలు. కొత్తిమీర, పుదీనా గుప్పెడు పెట్టండి. అన్నం, బిస్కెట్లు, మరమరాలు వద్దు.

గజ్జి అయితే వేరేగా ఉంటుంది. ముక్కు, పెదవులు, కాలివేళ్ళ చివర తెల్లటి పెచ్చులు కడితే అది గజ్జి. చెవి లోపల పొరలు పొరలుగా గోధుమరంగు పెచ్చు ఉంటే చెవి పురుగు. మెడ వెనక, వీపు మీద దురదతో చుండ్రు రాలితే బొచ్చు పురుగు. గుండ్రంగా బొచ్చు ఊడి పొలుసులుంటే తామర, అది మనకీ అంటుతుంది, చేతులు కడుక్కోండి. బొచ్చు పీకినచోట కాకుండా తలమీదా భుజాలమీదా కత్తిరించినట్టు పొట్టిగా ఉంటే పక్క కుందేలు కొరుకుతోందన్నమాట. వీటికి మందు ఐవర్‌మెక్టిన్ అయినా మరేదైనా బరువు తూచి డాక్టరే ఇవ్వాలి.

శాశ్వత పరిష్కారం అండాశయాలతో సహా గర్భసంచి తీయించడం. కాళ్ళ చుట్టూ తిరగడం, ఉచ్చ చిమ్మడం, చెయ్యి పెడితే కరవడం లాంటివి ఆ తర్వాత కొన్ని వారాల్లో బాగా తగ్గుతాయి. ఆడవాటిలో మూడు నాలుగేళ్ళు దాటాక గర్భసంచి కేన్సర్ ఎక్కువగా వస్తుంది, నా దృష్టిలో ఆపరేషన్‌కి అదే పెద్ద కారణం. ఉత్తుత్తి చూడి అయిపోయి, పాలు ఇంకిపోయాక 5, 6 నెలల వయసులో చేయించవచ్చు. ఊళ్ళో పశువుల ఆసుపత్రుల్లో ఎక్కువగా ఆవులు, మేకలు చూస్తారు. కాబట్టి భువనేశ్వర్ వెటర్నరీ కాలేజీలో గానీ, మీకు దగ్గరగా ఆంధ్ర వైపు గరివిడి కాలేజీలో గానీ, విశాఖలో పెంపుడు జంతువుల క్లినిక్‌లలో గానీ కుందేళ్ళకి ఈ ఆపరేషన్ చేస్తారా అని ముందు ఫోన్‌లో అడగండి. కుందేళ్ళు వాంతి చేసుకోలేవు కాబట్టి ఆపరేషన్‌కి ముందు పస్తు పెట్టకూడదు. పస్తు పెట్టమన్నారంటే వేరే డాక్టర్‌ని చూసుకోండి. అమాక్సిసిలిన్ లాంటి యాంటిబయోటిక్ నోటి ద్వారా ఇవ్వకూడదు, పేగులో మంచి క్రిములు చచ్చి విరేచనాలతో ప్రాణం పోవచ్చు. ఎండల్లో ప్రయాణమైతే తెల్లవారుజామున బయల్దేరి, గడ్డకట్టించిన నీళ్ళ సీసా గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టండి.

రెండోది మగదై, దానికీ ఆపరేషన్ చేయిస్తే, ఆ తర్వాత 4 నుంచి 6 వారాల వరకూ దానివల్ల చూడి కట్టవచ్చు, అప్పటిదాకా ఆడదానితో కలపకండి.