పిల్లల కథల్లోకి ఇంత రక్తం ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఫెయిరీ టేల్స్ అంటే పిల్లల కథలే కదా, వాటిని పట్టుకుని పెద్దవాళ్ళ కోసం ఇంత భయంకరమైన సినిమాలు ఎందుకు తీస్తారు, చూడాలనుకుంటే ఏవి బావుంటాయి, ఇంట్లో పిల్లలతో కలిసి చూడొచ్చా అని అడిగారు. మొదటి ముక్క దగ్గరే నాకు పేచీ ఉంది. ఆ కథలు పిల్లల కోసం పుట్టినవి కావు. తర్వాత ఎవరో కత్తిరించి, ఉతికి, ఇస్త్రీ చేసి పిల్లల గదిలో పెట్టారు.

నిద్రపోయే రాకుమారి కథ మనందరికీ తెలుసు. రాకుమారుడు వచ్చి ముద్దు పెడితే లేస్తుంది. నేపుల్స్ ప్రాంతపు రచయిత జియాంబాటిస్టా బసీలే చెప్పిన కథలో ముద్దూ లేదు, రాకుమారుడూ లేడు. ఆయన పోయాక 1634-36 మధ్య అచ్చయిన కథలవి. అందులో ఆ పిల్ల పేరు టాలియా. వేటకొచ్చిన రాజు ఒళ్ళు తెలియకుండా పడున్న ఆమెను చెరిచి తన దారిన తను పోతాడు. ఆమె నిద్రలోనే కవలల్ని కంటుంది. పాల కోసం తడుముకుంటూ ఒక పసిగుడ్డు ఆమె వేలు చప్పరిస్తే, అందులో గుచ్చుకుని ఆమెను నిద్రపుచ్చిన నారపుల్ల ఊడివచ్చి అప్పుడు మెలకువ వస్తుంది. పైగా ఆ రాజుకి అప్పటికే పెళ్ళయింది. సంగతి తెలిసిన రాణి ఆ పిల్లల్ని వండి మొగుడికి వడ్డించమంటుంది. వంటవాడు మంచివాడు కాబట్టి సరిపోయింది.

ఇక జర్మనీలో జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులు. 1812లో వాళ్ళు అచ్చు వేసిన మొదటి సంపుటంలో ముసలిది బురుజులో బంధించిన రాపుంజెల్, తన జడ పట్టుకుని రాకుమారుడు చాటుగా ఎక్కి వస్తుంటే, ఒకరోజు ఆ ముసలిదాన్ని అడుగుతుంది, నా బట్టలు బిగుతైపోతున్నాయేమిటి అని. అమాయకంగా కడుపు సంగతి బయటపెట్టేసిందన్నమాట. పిల్లలున్న ఇళ్ళలో ఇదేం కథ అని గొడవ అయ్యేసరికి, తర్వాతి కూర్పుల్లో ఆ మాట ఎత్తేసి, నువ్వు రాకుమారుడి కన్నా బరువున్నావే అన్నట్టు మార్చారు. స్నోవైట్‌ని చంపించబోయింది మొదట కన్నతల్లే. 1819 కూర్పులో ఆవిడ సవతితల్లి అయిపోయింది. ఇన్ని మార్చినవాళ్ళు రక్తం మాత్రం తుడవలేదు. సిండరెల్లా అక్కల కళ్ళు పావురాలు పొడిచేసే ఘట్టం 1812లో లేదు, అదే 1819లో కొత్తగా చేర్చారు! కడుపు రావడం పిల్లలకి తెలియకూడదు, కళ్ళు పీకడం తెలిసినా ఫరవాలేదు. ఈ లెక్క మన సెన్సారు వాళ్ళకీ బాగానే వంటబట్టింది లెండి.

కాబట్టి మంచి దర్శకులు ఈ కథలకి చీకటి పూయడం లేదు. కత్తిరించిన ముక్కలు వెతికి తెచ్చి మళ్ళీ కుడుతున్నారు. అదొక్కటే చాలదు కూడా. జానపద కథకి ఒక కట్టుబాటు ఉంటుంది: ఇది చెయ్యకు అంటారు, చేస్తారు, మూల్యం కడతారు. ఆ కట్టుబాటును నమ్మి తీసిన సినిమా నిలుస్తుంది.

దీనికి నాకు దొరికిన సాక్షి మా పిన్ని. గియెర్మో దెల్ తోరో తీసిన 'పాన్స్ లాబిరింత్' (2006) ఇంట్లో టీవీలో పెట్టుకుని చూస్తున్నాను. సినిమా స్పానిష్, కింద ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు, మా పిన్నికి రెండూ రావు. వంటిల్లు సర్దేసుకుని వచ్చి పక్కన కూర్చునేసరికి సరిగ్గా విందు బల్ల ఘట్టం నడుస్తోంది. పొడుగాటి బల్ల నిండా పళ్ళు, మాంసాలు, మిఠాయిలు. ఆ చివర కళ్ళు లేని పాలిపోయిన ఆకారం కదలకుండా కూర్చుని ఉంటుంది. దాని కళ్ళు ముందున్న పళ్ళెంలో ఉంటాయి. గోడల మీద అది పసిపిల్లల్ని తింటున్న బొమ్మలు, ఓ పక్క చిన్న చిన్న బూట్ల గుట్ట. కథానాయిక అయిన చిన్నపిల్ల ఒఫేలియా ఆకలిగా ఉంది, చెయ్యి ద్రాక్షపళ్ళ వైపు వెళ్తోంది. "ఒసేయ్ పిల్లా, ముట్టుకోకే!" అని అరిచింది మా పిన్ని. అక్కడ ఏదీ నోట పెట్టకూడదని అంతకుముందే ఫాన్ (మేక కాళ్ళు, కొమ్ములు ఉన్న వనదేవత) హెచ్చరించాడని ఆవిడకి తెలీదు. నీకెవరు చెప్పారే అంటే, "రాక్షసుడి కొంపలో ఎవరైనా తింటారుట్రా?" అంది. పాతాళంలో దానిమ్మ గింజలు తిన్నందుకు ఏటా కొన్ని నెలలు అక్కడే ఉండాల్సి వచ్చిన గ్రీకు దేవత పెర్సెఫొనీ కథా ఇదే. ఒఫేలియా రెండు ద్రాక్షలు తింటుంది. ఆ ఆకారం లేచి, కళ్ళు తీసి అరచేతుల్లో పెట్టుకుని, చేతులు ముఖానికి ఆనించి చూస్తుంది. మా పిన్ని ఆ తర్వాత సినిమా మొత్తం కదల్లేదు.

ఈ కథ నడిచేది 1944 స్పెయిన్‌లో, అంతర్యుద్ధం గెలిచిన నియంత ఫ్రాంకో పాలనలో. ఒఫేలియా సవతితండ్రి సైన్యంలో కెప్టెన్. ఆయనా ఒక విందు బల్ల చివర, వెనక మంట పెట్టుకుని కూర్చుంటాడు. ఊరి జనానికి రేషను తగ్గిస్తున్న మనిషి ఆయనే. ఆ రాక్షసుడూ ఈ కెప్టెనూ ఒకటే అని ఎవరూ విడమర్చి చెప్పరు. బల్ల ఒక్కటే చెబుతుంది. ఈ కోవలో ఇంతకన్నా గొప్ప సినిమా నేను చూడలేదు.

బసీలే కథల్నే నేరుగా చూడాలంటే మత్తేయో గరోనే తీసిన 'టేల్ ఆఫ్ టేల్స్' (2015) ఉంది. బిడ్డ కోసం రాణి సముద్రపు భూతం గుండెకాయ తింటుంది, ఒక రాజు తన రక్తం పోసి ఓ మిన్నల్లిని (రక్తం తాగే చిన్న పురుగుని) పెంచుతాడు, తోబుట్టువులా పడుచుదాన్నైపోవాలని ఓ ముసలమ్మ ఒళ్ళు చర్మం ఒలిపించుకుంటుంది. మూడు కథలూ సమానంగా లేవు, మధ్యలో కాస్త సాగుతుంది. గుండెకాయ తినే దృశ్యం మాత్రం చూసి తీరాలి: తెల్లటి గది, నల్లబట్టల రాణి, పళ్ళెంలో ఎర్రటి గుండె, మాట్లాడకుండా నమలడం.

మనకి దగ్గరగా కావాలంటే హిందీ సినిమా 'తుంబాడ్' (2018). అందులో బంగారు నాణేలు దాచుకున్న హస్తర్ పురాణాల్లో దేవుడు కాదు, సినిమా కోసం అల్లిన కథ. అయినా కట్టుబాటు అచ్చం జానపదమే: హస్తర్‌కి పిండిబొమ్మ విసరాలి, పిండితో గీసిన గిరిలోనే ఉండాలి, అందినన్ని నాణేలు లాక్కుని బయటపడాలి. చిన్నప్పుడు చందమామలో శవాన్ని భుజాన వేసుకుని మౌనంగా నడిచే విక్రమార్కుణ్ణీ, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరునీ తిన్నగా మింగేసిన వాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

తేలిపోయేవి ఎక్కువగా హాలీవుడ్ యాక్షన్ బాపతు. 2013లో వచ్చిన హాన్సెల్, గ్రెటెల్ సినిమాలో ఇద్దరూ పెద్దయ్యాక తుపాకులు పట్టుకుని మంత్రగత్తెల్ని వేటాడతారు. చిన్నప్పుడు తిన్న మిఠాయిల వల్ల హాన్సెల్‌కి షుగరు జబ్బొచ్చి ఇంజక్షన్లు పొడుచుకుంటుంటాడు. ఆ ఒక్క ఊహకి నవ్వుకున్నాను. మిగతాదంతా కాల్పులే. అసలు జానపద కథ తిండి లేక కన్నబిడ్డల్ని అడవిలో వదిలేసిన అమ్మానాన్నలది, ఆ భయం సినిమాలో ఎక్కడా లేదు.

పిల్లలతో చూడొచ్చా అంటే, పైన చెప్పిన వేటినీ వద్దు. 'పాన్స్ లాబిరింత్' పోస్టరు మీద చిన్నపిల్ల ఉందని మోసపోకండి. అందులో కెప్టెన్ సీసాతో ఓ రైతుకొడుకు ముఖం చితక్కొట్టే దృశ్యం రాక్షసుడి కన్నా దారుణంగా ఉంటుంది. పిల్లలకి సినిమా బదులు కథ చెప్పండి. ఎర్రటోపీ పాప కథలో తోడేలు పొట్ట కోసి, నానమ్మని బయటికి తీసి, లోపల రాళ్ళు నింపే ఘట్టం ఉంటుంది, భయపడతారేమోనని దాన్ని మాత్రం ఎత్తెయ్యకండి. మావాడు అక్కడికి రాగానే ఎంతెంత రాళ్ళు అని అడిగి, చేతులు చాపి కొలత చూపించేదాకా ముందుకు కదలనివ్వడు.