పాత జేబు గడియారం మూవ్‌మెంట్‌ను ఇంట్లోనే చేతి గడియారంగా మార్చుకోవచ్చా?

మీరు రెండు విషయాలు అడిగారు. పాత జేబు గడియారం మూవ్‌మెంట్‌ను, అంటే లోపలి యంత్రాన్ని, చేతి గడియారం కేసులో అమర్చుకోవచ్చా అన్నది ఒకటి. పనిలో పనిగా చక్రాలను పట్టి ఉంచే ఇత్తడి ప్లేట్లు చెక్కి, అక్కడక్కడా కోసి, లోపలి చక్రాలు కనిపించేలా చేసుకోవచ్చా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు: నిక్షేపంగా చేసుకోండి. రెండోదానికి: దయచేసి వద్దు. కేసు మార్చండి, ముళ్లు మార్చండి, డయల్ మార్చండి, స్ప్రింగ్ మార్చండి. రేపు ఇంకెవరైనా ఆ వాచీ విప్పితే అవన్నీ తీసేసి పాతవి పెట్టుకోగలరు. ప్లేటు మీద ఆకురాయి ఆడించి తీసిన ఇత్తడిని మాత్రం ఎవరూ తిరిగి పెట్టలేరు.

జేబు గడియారాన్ని చేతికి కట్టడం ఈనాటి సరదా కాదు. స్విస్ కంపెనీ ఐడబ్ల్యూసీ 1939లో తెచ్చిన పోర్చుగీజర్ చేతి గడియారంలో ఉన్నది 74 కాలిబర్ అనే జేబు గడియారపు మూవ్‌మెంటే. పనెరాయ్ తొలి డైవింగ్ వాచీల్లో తిరిగినవీ అలాంటివే. కాబట్టి సంప్రదాయం పాడవుతుందేమో అని మొహమాటపడకండి.

చూసుకోవాల్సింది అమరిక. మూతలేని జేబు గడియారంలో కీ ఇచ్చే క్రౌన్ 12 దగ్గర, చిన్న సెకన్ల డయల్ 6 దగ్గర ఉంటాయి. దీన్ని లెపీన్ అంటారు. మూత ఉన్న సావనెట్‌లో క్రౌన్ 3 దగ్గరే ఉంటుంది. లెపీన్‌ను చేతి గడియారంలో పెట్టి క్రౌన్‌ను 3 దగ్గరికి తిప్పితే సెకన్ల డయల్ 9 దగ్గరికి వెళ్తుంది. పాత డయల్ మీద అంకెలు అడ్డం తిరుగుతాయి కాబట్టి కొత్త డయల్ చేయించక తప్పదు. సావనెట్ అయితే ఆ గొడవ లేదు. పాత డయల్‌తోనే అందంగా ఉంటుంది.

ఇక నా వాదనకు వస్తాను. దీనికంతటికీ మూలం నా బల్ల మీదికి వచ్చిన ఒక పాత స్విస్ లెపీన్. ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు 15, గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు ఐదు. కీ ఇస్తే నడిచేది కానీ నీరసంగా. టిక్కులు విని లెక్కలు చూపించే యంత్రం టైమ్‌గ్రాఫర్ మీద పెడితే, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఊపు 200 డిగ్రీలు దాటేది కాదు. నిండా కీ ఇచ్చిన ఆరోగ్యమైన వాచీని పడుకోబెడితే 270కి పైన చూపించాలి. లోపల నూనె ఎండి గోధుమరంగు జిగురైపోయింది. మొత్తం విప్పి, శుభ్రం చేసి, రాళ్ల గుంటలు పుల్లతో తుడిచి, ఎక్కడ ఏ నూనె పెట్టాలో అది పెట్టి బిగించాను. నిండా కీ ఇచ్చాను. వాచీ గంటకు నిమిషాల లెక్కన ముందుకు పరిగెత్తడం మొదలుపెట్టింది!

ఇలాంటప్పుడు మొదటి అనుమానం అయస్కాంతం మీదికి పోతుంది. బ్యాలెన్స్‌ను ఊగించే సన్నటి హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే వాచీ ఇలాగే పరిగెడుతుంది. డీమాగ్నెటైజర్ మీద పెట్టి తీశాను. తేడా లేదు. హెయిర్‌స్ప్రింగ్‌కు నూనె ఏమైనా అంటిందా అని భూతద్దంలో చూశాను. చుట్లన్నీ విడివిడిగా, శుభ్రంగా ఊపిరి పీలుస్తున్నాయి. టైమ్‌గ్రాఫర్ మీద గీతలు రావాల్సిన చోట చుక్కలు చల్లినట్టు పడుతున్నాయి. యంత్రాన్ని పక్కన పెట్టి వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాను. అది టిక్ టిక్ కాదు. గుర్రం దౌడు తీస్తున్నట్టుంది. నిలబెట్టి పట్టుకుంటే దౌడు ఆగి మామూలు టిక్ టిక్ వినిపించింది. పడుకోబెడితే మళ్లీ దౌడు. దాంతో రోగం దొరికిపోయింది.

వాచీ పడుకుని ఉన్నప్పుడు బ్యాలెన్స్ ఇరుసు మొన మీద తిరుగుతుంది. రాపిడి తక్కువ కాబట్టి ఊపు ఎక్కువ. నిలబెడితే ఇరుసు పక్కలు రాసుకుంటాయి కాబట్టి ఊపు తగ్గుతుంది. ఆ ఊపు మరీ ఎక్కువై దాదాపు పూర్తి చుట్టు దాకా వెళ్తే, బ్యాలెన్స్ కింద ఉండే చిన్న ఇంపల్స్ రాయి చుట్టూ తిరిగొచ్చి, బ్యాలెన్స్‌కు తోపు అందించే పల్లెట్ ఫోర్క్ కొమ్మును బయటివైపు నుంచి కొడుతుంది. కొట్టి వెనక్కి తుళ్లుతుంది. పూర్తి కావాల్సిన ఊపు మధ్యలోనే వెనక్కి తిరిగింది కాబట్టి టిక్కు ముందే పడుతుంది, వాచీ పరిగెడుతుంది. అంటే చక్రాల బలాన్ని టిక్కు టిక్కుగా వదిలే ఎస్కేప్‌మెంట్‌లో ఏ దోషమూ లేదు. దానికి అందుతున్న బలం ఎక్కువైంది.

వాచీని నడిపే మెయిన్‌స్ప్రింగ్ బారెల్ అనే డబ్బాలో ఉంటుంది. దాని మూత తీసి స్ప్రింగ్ మందం కొలిచాను. 0.22 మిల్లీమీటర్లు. ఆ రకం మూవ్‌మెంట్‌కు ఉండాల్సింది 0.20. రెండు వందో వంతులే కదా అనిపిస్తుంది. కానీ స్ప్రింగ్ బలం దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. మందం పదో వంతు పెరిగితే బలం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. వాచీ పనిలో ఇంతకంటే ముఖ్యమైన లెక్క లేదని నా నమ్మకం. దీన్ని వివరించి చెప్పేవాళ్లు మాత్రం చాలా తక్కువ.

ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. ఎప్పుడో ఒక మెకానిక్ చేతికి ఈ వాచీ నీరసంగా నడుస్తూ వచ్చింది. విప్పి శుభ్రం చేసే ఓపిక లేక ఇంకాస్త మందం స్ప్రింగ్ వేసి పంపించేశాడు. ఆ రోజుకు నడిచింది. అదనపు బలాన్ని ఇంతకాలం మురికి తింటూ వచ్చింది. నేను మురికి తీసేసరికి ఆ బలమంతా బ్యాలెన్స్ మీద పడింది. ఈలోగా నష్టం జరగనే జరిగింది. 15 రాళ్ల వాచీలో మధ్య చక్రానికి రాయి ఉండదు, ఇరుసు నేరుగా ఇత్తడి రంధ్రంలో తిరుగుతుంది. బారెల్ తోపు మొదట పడేది దాని మీదే. ఆ రంధ్రం ఒక పక్కకు కోలగా అరిగిపోయింది. అరిగాక ఎవరో దాని చుట్టూ పంచ్‌తో పొడిచి, ఇత్తడిని లోపలికి నెట్టి రంధ్రాన్ని బిగించారు. ఈ పంచ్ గాట్లు కనబడితే నాకు నిజంగా బాధ కలుగుతుంది. గాట్లతో రంధ్రం నడిమధ్యకు రాదు, కాస్త నడిచి మళ్లీ అరుగుతుంది, ప్లేటు మొహం మీద మచ్చలు మాత్రం శాశ్వతంగా ఉంటాయి.

లోహం తీయొద్దు అన్న నా నియమానికి మినహాయింపు ఈ ఒక్కచోటే. అరిగిన రంధ్రాన్ని అసలు మధ్యబిందువు చూసుకుని రీమర్‌తో పెద్దది చేసి ఇత్తడి బుష్ నొక్కాను. చక్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎక్కడ నిలబడిందో మళ్లీ అక్కడే నిలబడింది. తర్వాత అదే వెడల్పు, 0.19 మందం ఉన్న కొత్త మిశ్రలోహపు స్ప్రింగ్ వేశాను. 0.20 వేయకపోవడానికి కారణం ఉంది. పాత నీలి ఉక్కు స్ప్రింగ్ వాడేకొద్దీ చుట్టు పట్టేసి బలం కోల్పోతుంది. కొత్త మిశ్రలోహం అలా నీరసించదు, తుప్పు పట్టదు, కాబట్టి పాత వాచీకి ఒక మెట్టు తక్కువ మందమే నయం. పడుకోబెడితే ఊపు 290 దగ్గర, నిలబెడితే 250 దగ్గర స్థిరపడింది. దౌడు పోయింది. నన్నడిగితే పాత మూవ్‌మెంట్‌కు చేయగల అతి గొప్ప మార్పు ఇదే.

ఇదే జబ్బుకు ఇతరులు చేసే వైద్యం చూస్తే కోపం వస్తుంది. పల్లెట్ ఫోర్క్‌ను ఆపే బ్యాంకింగ్ పిన్నులు వంచేవాళ్లు ఉన్నారు. అవి ఎస్కేప్‌మెంట్ లెక్కలో భాగం. స్ప్రింగ్ చేసిన తప్పుకు వాటిని శిక్షిస్తే ఎలా? బ్యాలెన్స్ రాళ్లలో చిక్కటి నూనె పోసి ఊపు తగ్గించేవాళ్లూ ఉన్నారు. ఆ నూనె చిక్కబడ్డాక వాచీ మళ్లీ నీరసిస్తుంది, అప్పుడు ఇంకొకరు ఇంకా మందపాటి స్ప్రింగ్ వేస్తారు.

ఇక చెక్కడం సంగతి. మెయిన్ ప్లేటునూ, చక్రాలను పైనుంచి పట్టే బ్రిడ్జీలనూ సన్నటి రంపంతో కోసి జాలీలా చేసే వీడియోలు మీరూ చూసే ఉంటారు. చూడ్డానికి బాగుంటాయి. కానీ బ్రిడ్జి పని అలంకారం కాదు, ఇరుసులను నిటారుగా పట్టి ఉంచడం. ఎక్కడ ఎంత ఇత్తడి తీస్తే వంగుతుందో తెలియకుండా కోస్తే చక్రాల మధ్య ఎడం మారుతుంది. ఆ సరదా తీర్చుకోవాలంటే దానికి సరైన మూవ్‌మెంట్ వేరే ఉంది. యూనిటాస్ 6497 తీసుకోండి. 36.6 మిల్లీమీటర్ల వ్యాసం, 4.5 మందం, భాగాలు పెద్దవి. ఈటీఏ పేరుతో ఇంకా తయారవుతోంది. దాని నమూనాలో వచ్చిన సీగల్ ఎస్‌టీ36 కూడా ఉంది. ప్లేటు చెడితే ఇంకో ప్లేటు దొరుకుతుంది. వందేళ్లనాటి మూవ్‌మెంట్‌కు ఆ అవకాశం లేదు.

స్క్రూలకు నీలం రంగు తెప్పించడం మాత్రం నాకు ఇష్టమే, కానీ పాత స్క్రూలకు కాదు. అదే కొలతలో కొత్తవి దొరికితే వాటిని అద్దంలా పాలిష్ చేసి, ఇత్తడి రజను పళ్లెంలో పెట్టి మెల్లగా వేడి చేయండి. గడ్డిరంగు, ఊదా దాటి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలం వస్తుంది. మంట నేరుగా తగిలిస్తే ఒక పక్క నీలం, ఇంకో పక్క బూడిదరంగు.

చేతికి కట్టుకునే ముందు ఆలోచించాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పాత జేబు గడియారాల్లో చాలావాటికి షాక్ రక్షణ లేదు. ఇంకాబ్లాక్ లాంటివి వచ్చింది 1930ల్లో. బ్యాలెన్స్ ఇరుసు మొన మిల్లీమీటరులో పదో వంతు మందం. చెయ్యి తలుపుకు తగిలితే చాలు, విరుగుతుంది. బరువులెత్తే రోజున ఆ వాచీ పెట్టుకోకండి.

రెండోది రెగ్యులేషన్. జేబు గడియారం జేబులో క్రౌన్ పైకి ఉండేలా వేలాడుతుంది కాబట్టి దాన్ని ఎక్కువగా ఆ స్థితికే సరిచేస్తారు. క్రౌన్ 3 దగ్గర ఉన్న వాచీని ఎడమచేతికి కట్టి చెయ్యి కిందికి వదిలితే క్రౌన్ నేలవైపు చూస్తుంది. సరిగ్గా తలకిందులు. బ్యాలెన్స్ బరువులో చిన్న తేడా ఉన్నా, అక్కడ ముందుకు పోయేది ఇక్కడ వెనక్కి పోతుంది. టైమ్‌గ్రాఫర్ మీద క్రౌన్ కిందికి పెట్టి మళ్లీ చూడండి. సరిచేయడానికి బ్యాలెన్స్ అంచు స్క్రూలను గీకొద్దు, వేగం సవరించే రెగ్యులేటర్ ముల్లు జరపడంతోనే సరిపెట్టుకోండి.

మూడోది డయల్. 1910 నుంచి 1950ల మధ్య వచ్చిన, చీకట్లో మెరిసే అంకెలున్న డయల్ అయితే ఆ రంగులో రేడియం ఉందనే అనుకోండి. ఇప్పుడు మెరవడం లేదు కదా అని ధీమా వద్దు. అలసిపోయింది మెరిసే పదార్థం, రేడియం కాదు. రేడియం సగమవడానికి 1,600 ఏళ్లు పడుతుంది. దాన్ని గీకడం, ఊదడం, ఆ పొడిని బల్ల మీద పడనివ్వడం ఎంతమాత్రం చేయకండి. ముళ్లు, డయల్ తీసి మూసి ఉన్న సంచిలో విడిగా పెట్టండి.

కేసు కొనే ముందు మూవ్‌మెంట్ వ్యాసం కొలవండి. అమెరికన్ 16 సైజు అయితే 43.18 మిల్లీమీటర్లు, అంటే చేతి మీద పళ్లెం అంత కేసు కావాలి. 12 సైజు 39.79, అది ఫర్వాలేదు. తర్వాత స్టెమ్, అంటే క్రౌన్ నుంచి లోపలికి వెళ్లే కడ్డీ, చూడండి. పాత అమెరికన్ మూవ్‌మెంట్లలో చాలావాటికి క్రౌన్‌ను పట్టి ఉంచే స్లీవ్ మూవ్‌మెంట్‌లో కాక కేసులో ఉంటుంది. అలాంటిదాన్ని మామూలు కేసులో పెడితే కీ ఇవ్వడం కుదరదు, ముళ్లు తిప్పే స్థితిలోనే ఉండిపోతుంది. స్లీవ్‌తో చేసిన కేసే వెతకాలి. స్విస్‌వైతే సాధారణంగా ఈ ఇబ్బంది ఉండదు. మీ మూవ్‌మెంట్ వ్యాసం, డయల్ తీసిన ఫొటో పెట్టండి. లెపీనా, సావనెట్టా, స్టెమ్ ఏ రకమో చూసి ఎలాంటి కేసు వెతకాలో చెప్తాను.