అమెరికా ఇంట్లో పాత బాత్రూమ్‌కి కొత్త రూపు: ముందు నీళ్ల సంగతి, తర్వాత టైల్స్

1990ల్లో కట్టిన ఇల్లు కొన్నవాళ్లలో చాలామందికి ఎదురయ్యే బాత్రూమ్ ఒకటే: గోడకు అంటించేసిన పెద్ద అద్దం, పైన గుండ్రటి బల్బుల వరుస, ఫైబర్‌గ్లాస్ టబ్, మెరుపు పోయిన కుళాయిలు. అన్నీ పీకించేయాలనిపిస్తుంది. తొందరపడకండి. మన ఊళ్లో బాత్రూమ్ అంటే కాంక్రీటు స్లాబు, వాలు, మూలన జాలీ. ఇక్కడ మేడమీది బాత్రూమ్ చెక్క దూలాల మీద పరిచిన ప్లైవుడ్ మీద నిలబడి ఉంటుంది. టబ్ బయట పడ్డ నీళ్లు పోవడానికి దారే ఉండదు. బకెట్, మగ్గుతో టబ్ బయట స్నానం చేస్తే ఆ నీళ్లు అంచుల్లోంచి దిగి, కొన్నాళ్లకు కింది గది సీలింగ్‌లో మరకై తేలతాయి. పిల్లలకైనా పెద్దలకైనా బకెట్‌ని టబ్ లోపలే పెట్టండి. లేదా గొట్టం ఉన్న హ్యాండ్ షవర్ బిగించండి.

తక్కువ డబ్బుతో ఎక్కువ తేడా తెచ్చేది వెలుగు. అద్దం పైన మాత్రమే దీపం ఉంటే కళ్ల కింద నీడలు పడతాయి. అద్దానికి రెండు పక్కలా, నేల నుంచి 60-66 అంగుళాల ఎత్తులో పెట్టించండి. 3000 కెల్విన్ (కాస్త పసుపు ఛాయ ఉన్న తెల్ల వెలుగు) చుట్టుపక్కల, సీఆర్ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి తగ్గని బల్బులైతే ఒంటి రంగు సహజంగా కనిపిస్తుంది. అంటించిన అద్దం తీసేటప్పుడు ముందు దాని మీద అడ్డదిడ్డంగా టేపు వేయండి, పగిలినా ముక్కలు రాలవు. వెనకున్న జిగురు గోడ పైపొరను చీల్చుకుని వస్తుంది కాబట్టి షీట్‌రాక్ (గోడకు వేసే జిప్సం పలక) మరమ్మతు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

కుళాయి కొనేముందు సింకు మీద రంధ్రాలు చూడండి. మూడు రంధ్రాల్లో చివరి రెండింటి మధ్య దూరం 4 అంగుళాలా, 8 అంగుళాలా అన్నదాన్ని బట్టే ఏది పడుతుందో తేలుతుంది. షవర్ సంగతి ఇంకా మెలిక. బయట కనిపించే పిడి, పళ్లెం ట్రిమ్ మాత్రమే. అసలు వాల్వ్ గోడ లోపల ఉంటుంది. ఒక కంపెనీ ట్రిమ్ ఇంకో కంపెనీ వాల్వ్‌కి సాధారణంగా పట్టదు. పిడి విప్పి లోపలి కార్ట్రిడ్జ్ (వాల్వ్‌లో నీళ్లను అదుపు చేసే భాగం) ఫొటో తీసుకుని షాపుకి వెళ్లండి.

కమోడ్ మార్చాలంటే గోడ నుంచి నేల బోల్టుల మధ్యకు కొలవండి. గోడ అడుగున ఉండే పట్టీ (బేస్‌బోర్డు) నుంచి కాదు, గోడ నుంచే. ఎక్కువ ఇళ్లలో 12 అంగుళాలు, కొన్ని చోట్ల 10 లేదా 14. నేల మీద కొత్త టైల్ వేస్తే మట్టం లేచి ఫ్లేంజ్ (కమోడ్‌ని మురుగు గొట్టానికి కలిపే నేలలోని చుట్టు) కిందికి పోతుంది. కమోడ్‌కీ ఫ్లేంజ్‌కీ మధ్య పాత మందం మైనపు రింగే వేస్తే సరిగా అతకదు, నీళ్లు సన్నగా కారి ప్లైవుడ్ పుచ్చిపోతుంది. ఫ్లేంజ్ ఎత్తు పెంచే ఎక్స్‌టెండర్ వేయించండి. కూర్చున్నప్పుడు కమోడ్ ఊగకూడదు, ఊగితే ఆ రింగు చెడినట్టే. పక్కన జెట్ స్ప్రే పెట్టుకుంటే వాడిన ప్రతిసారీ టీ వాల్వ్ (కమోడ్ నీళ్ల గొట్టం నుంచి స్ప్రేకి పాయ తీసే కుళాయి) కట్టేయాలి. కట్టకపోతే గొట్టంలో ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పగిలితే నష్టం వేలల్లో.

అసలు పని షవర్ గోడల దగ్గర. ఇక్కడే కాంట్రాక్టర్ని గట్టిగా పట్టుకోవాలి. టైల్, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ నీళ్లను ఆపవు. టైల్ వెనక వేసే సిమెంట్ బోర్డు కుళ్లదు, కానీ నీళ్లు దాన్ని దాటి వెళతాయి. ఆపేది మెంబ్రేన్ అనే నీళ్లు చొరని పొర ఒక్కటే. పూతగా రెండు కోట్లు వేసేదైనా, షీటుగా అతికించేదైనా సరే. ‘వాటర్‌ప్రూఫింగ్ దేనితో చేస్తారు?’ అని అడిగితే ‘గ్రౌట్‌కి సీలర్ కొడతాం’ అన్నవాళ్లకు పని ఇవ్వకండి. షవర్ నేల డ్రెయిన్ వైపు వాలు అడుగుకు పావు అంగుళం ఉండాలి. టైల్ వేయకముందే డ్రెయిన్ మూసి, నీళ్లు నింపి, మట్టం గీతపెట్టి 24 గంటలు ఉంచమనండి. గీత దిగినా, కింది సీలింగ్ తడిసినా, సరిదిద్దేదాకా టైల్ వేయనివ్వొద్దు. సబ్బులు పెట్టుకునే గూడు అడుగుభాగం కూడా బయటికి కొద్దిగా వాలాలి. చలి రాష్ట్రాల్లో ఆ గూడు బయటి గోడలో వద్దు, ఇన్సులేషన్ పోతుంది.

ఇప్పుడు అందరూ ఇష్టపడే 12×24 అంగుళాల టైల్స్ మధ్యలో కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. ఇటుకల్లా సగానికి సగం జరిపి పేరిస్తే అంచులు లేస్తాయి, మూడో వంతుకి మించి జరపకూడదు. షవర్ నేలకు మాత్రం 2 అంగుళాల చిన్న టైల్సే మంచివి. వాలుకి ఒదుగుతాయి, కాలు జారదు. గోడలు కలిసే మూలల్లో గ్రౌట్ కాకుండా సిలికాన్ పెట్టించండి. చెక్క ఇల్లు కాలాన్ని బట్టి కదులుతుంది, గ్రౌట్ చీలుతుంది.

ఫ్యాన్ కనీసం 50 సీఎఫ్ఎం (నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి) ఉండాలి, దాని గొట్టం ఇంటి బయటికి పోవాలి. అటకలోకి వదిలేస్తే పైకప్పు చెక్కకు బూజు. డ్రెయిన్లు, వైర్లు జరిపే పనికి చాలా ఊళ్లలో పర్మిట్ కావాలి. ఇల్లు 1978కి ముందుదైతే పాత పెయింటులో సీసం ఉండొచ్చు, గోడ పగలగొట్టేముందు పరీక్ష చేయించండి. ఇంట్లో ఒక్కటే టబ్ ఉంటే తీసేయకండి. పసిపిల్లలున్నవాళ్లు అమ్మకానికి పెట్టిన ఇంట్లో ముందు చూసేది అదే.

అద్దె ఇంట్లో ఉంటే షవర్ హెడ్, అద్దం చుట్టూ ఫ్రేము, అల్మరా పిడులు మార్చుకుంటే చాలు. విప్పిన పాతవన్నీ మరలతో సహా ఒక సంచిలో వేసి సింకు కింద ఉంచండి, ఖాళీ చేసే ముందు రోజు మళ్లీ బిగించాలి.