స్కెచ్‌లకు నవ్వులు వస్తున్నాయి, డబ్బు ఎందుకు రావడం లేదు?

వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు దాటినా యూట్యూబ్ నుంచి పైసా రాలేదని, ఉద్యోగం మానేసి పూర్తిగా కామెడీ స్కెచ్‌ల మీదే కూర్చోవాలా అని అడిగారు కదా. ఉద్యోగం మాత్రం మానకండి.

చిక్కంతా నిడివిలో ఉంది. ప్రకటనల ఆదాయానికి ఆ వెయ్యిమందితోపాటు 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ కావాలి. మీవన్నీ షార్ట్స్, అంటే యూట్యూబ్‌లో నిలువుగా వచ్చే చిన్న వీడియోలు. అవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఈ గంటల్లో కలవదు. షార్ట్స్‌తోనే అర్హత రావాలంటే 90 రోజుల్లో కోటి వ్యూస్ ఉండాలి. అంతకంటే మీ అత్తగారి పాత్రను ఐదారు నిమిషాల స్కెచ్‌గా పెంచడం తేలిక. ఆవిడ పప్పు డబ్బా మూత తీయకుండా, ఊపి చూసి ఎంత తగ్గిందో చెప్పే చోట నాకు నవ్వాగలేదు. తీరా దానికి సినిమా నేపథ్య సంగీతం తగిలించారు! హక్కుదారు క్లెయిమ్ వేస్తే ఆ వీడియో ఆదాయం వాళ్లకే పోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. నన్నడిగితే గిన్నెల చప్పుడు చాలు.

ప్రకటనలొక్కటే దారి కాదు. హర్ష చెముడు ‘వైవా’ అనే చిన్న వీడియోతో పేరు తెచ్చుకుని సినిమాల్లోకి వెళ్లారు. మీకు అవకాశం ఇద్దామనుకున్నవారు ఎలా పిలవాలి? ఛానల్ వివరాల్లో ఈమెయిల్ కూడా లేదు, ఈరోజే పెట్టండి.