బ్యాగును ఏటవాలుగా లాగితే పని 1000 జౌళ్లు ఎందుకు కాదు?

మీరడిగిన లెక్క ఇది: సూట్‌కేసును 50 న్యూటన్ల బలంతో, నేలకు 60 డిగ్రీల కోణంలో 20 మీటర్లు లాగితే పని ఎంత? మీకు 1000 వచ్చింది, పుస్తకంలో 500 జౌళ్లని ఉంది. పుస్తకమే కరెక్ట్.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. ఎంసెట్‌కి చదివే వాళ్లకి (ఇప్పుడు ఈఏపీసెట్ అనాలట, నాకింకా నోరు తిరగదు) సూత్రం నిద్రలో లేపి అడిగినా వస్తుంది: బలం, స్థానభ్రంశం, వాటి మధ్య కోణానికి కాస్, మూడింటి లబ్ధం. ఆ కాస్ ఎందుకు వచ్చిందంటే మాత్రం దిక్కులు చూస్తారు.

మీ 50 న్యూటన్లలో నేల వెంట లాగేది 25 మాత్రమే (కాస్ 60 అంటే సగం). నిలువుగా పైకి లాగే భాగం 43.3 న్యూటన్లు (50 ఇంటూ సైన్ 60). బ్యాగు పైకి లేవలేదు కదా, కాబట్టి దాని పని సున్నా. 25 ఇంటూ 20, అంతే 500.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సికింద్రాబాద్ స్టేషన్‌లో కూలీ నెత్తిన పెట్టె పెట్టుకుని నడిస్తే పని సున్నా అంటారు, మరి ఆయనకు చెమటెందుకు సార్?" చెమట నిజమే, కండరాల లోపల శక్తి ఖర్చవుతుంది. కానీ చదునైన ప్లాట్‌ఫాం మీద ఒకే వేగంతో నడిచినంతసేపు ఆ పెట్టెకు శక్తేమీ చేరదు. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్లెక్కితే చేరుతుంది.

అయితే ఆ 43.3 ఊరికే పోదు. బ్యాగు 15 కిలోలు, చక్రాలు ఊడిపోయాయి, ఘర్షణ గుణకం 0.2 అనుకోండి. బరువు 147 న్యూటన్లు. అభిలంబ బలం అంటే నేల బ్యాగును పైకి నెట్టే బలం; దాన్ని 0.2 తో గుణిస్తే ఘర్షణ. చాలామంది అభిలంబ బలం కూడా 147 అనేసి ఘర్షణ 29.4 అని వేస్తారు. లాగే 25 కన్నా అది ఎక్కువ, ఆగి ఉన్న బ్యాగు కదలనే కదలదు! నిజానికి పైకి లాగే భాగం అభిలంబ బలాన్ని తగ్గిస్తుంది: 147 లోంచి 43.3 తీస్తే 103.7, ఘర్షణ 20.7. అది చేసే పని సుమారు మైనస్ 415 జౌళ్లు. మొత్తం పని 85 జౌళ్లే.

కోణం ఎక్కడి నుంచి కొలిచారో కూడా చూడండి. హ్యాండిల్ నిలువుతో 30 డిగ్రీలంటే నేలతో 60, కాస్ లోకి వెళ్లేది 60. అదే 20 డిగ్రీల ర్యాంపు మీద, నేలతో 60 డిగ్రీల తాడుతో పైకి లాగితే 40 వేయాలి, ఎందుకంటే బ్యాగు కదిలేది ర్యాంపు వెంట.