రెండో ఇంజినూ కొట్టుకుంటోందంటే ఆయిల్ కూలర్ చూడండి

పాత ర్యాలీ కారులో వేసిన రెండో సెకండ్ హ్యాండ్ ఇంజిను కూడా ఆయిల్ ప్రెషర్ పడిపోయి కొట్టుకుంటోందంటే, అమ్మినవారికన్నా ముందు మీ కారులో ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్‌ను అనుమానించండి. మొదటి ఇంజిను బేరింగులు అరిగినప్పుడు రాలిన లోహపు పొడి అందులో దాక్కుంటుంది. తర్వాత బిగించిన ఇంజిను దాన్నే తాగుతుంది.

చాలామంది కూలర్‌ను పెట్రోలుతో కడిగి సరిపెట్టుకుంటారు. సన్నని దారుల్లో ఇరుక్కున్న పొడి అలా పోదు. కూలర్ కొత్తది వేయండి. గొట్టాలు, కూలర్ థర్మోస్టాట్, టర్బో ఉంటే దాని ఆయిల్ పైపు కూడా మార్చండి. ఖర్చే, కానీ మూడో ఇంజినుకన్నా చవక.

ఇక మరో సెకండ్ హ్యాండ్ ఇంజిను బేరం దగ్గర:

1. ఆ ఇంజిను ఆయిల్ ఫిల్టర్‌ను కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో వాల్చి చూడండి. రాగిరంగు మెరుపు కనిపిస్తే వదిలేయండి. అయస్కాంతాన్ని నమ్మకండి, బేరింగు పూత దానికి అంటుకోదు.
2. స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) చూడండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉండాలి.
3. లీక్‌డౌన్, అంటే సిలిండర్‌లోకి ఎక్కించిన గాలిలో కారిపోయే వంతు, 20 శాతం దాటితే వద్దు. ఆయిల్ మూత దగ్గర గాలి బుసకొడితే రింగులు, సైలెన్సర్ వైపు అయితే వాల్వులు.
4. "తక్కువ తిరిగింది" అన్న మాట వినేసి ఊరుకోండి. విడి ఇంజినుకు మీటరు ఉండదు.
5. పోటీకి వెళ్లేదైతే ఇంజిను కోడ్ హోమోలొగేషన్ పత్రంతో (ఆ మోడల్‌ను పోటీకి ఆమోదించిన పత్రం) సరిపోవాలి.

బిగించాక ప్లగ్గులు లేకుండానే స్టార్టర్ తిప్పండి. ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు లేచాకే ప్లగ్గులు పెట్టండి.