రెండు రాత్రుల క్యాంపింగ్‌కు ఎలాంటి ఐస్ బాక్స్ కొనాలి?

రాయగడ నుంచి ప్రశ్న అడిగిన మిత్రులకు నమస్కారం. మీ దంపతులు, ఇద్దరు పిల్లలు కలిసి చలికాలంలో దేవమాలి కొండకు, వేసవి సెలవుల్లో గోపాల్‌పూర్ తీరానికి వెళ్లి రెండేసి రాత్రులు గుడారంలో ఉంటామని, పాలు, పెరుగు, మాంసం, చేపలు చెడిపోకుండా ఉంచే ఐస్ బాక్స్‌ను మూడు వేల రూపాయల లోపు కొనాలనుకుంటున్నామని రాశారు. నేను బరంపురంలో ఉంటాను. మా కుటుంబానికి గోపాల్‌పూర్, దారింగిబాడి, మహేంద్రగిరి వైపు తిరిగే అలవాటు ఎప్పటినుంచో ఉంది. దగ్గరి బంధువులు చేపల వ్యాపారంలో ఉన్నందువల్ల మంచు ఎంతసేపు నిలుస్తుంది, ఎందుకు కరిగిపోతుంది అనే విషయాలు మా ఇంట్లో రోజూ నడిచే మాటలే.

మొదట నా సమాధానం చెబుతాను. ఆహారం కోసం ముప్పై లీటర్ల లోపు, గోడల్లో పఫ్ అనే ఫోమ్ నింపిన ఐస్ బాక్స్ ఒకటి, తాగే నీళ్ల కోసం చేపల వ్యాపారులు వాడే థర్మాకోల్ పెట్టె ఒకటి తీసుకోండి. మీ బడ్జెట్టులో ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనబడలేదు. ఎందుకో వివరిస్తాను.

ఐస్ బాక్స్ తనంతట తాను చల్లబరచదు, బయటి వేడి లోపలికి రావడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. ఆ ఆలస్యం ఎంత అన్నది గోడ మందం మీద, గోడలో నింపిన పదార్థం మీద, మూత ఎంత బిగువుగా కూర్చుంటుందన్న దాని మీద ఆధారపడుతుంది. కిలో మంచు పూర్తిగా కరగడానికి సుమారు 334 కిలోజౌళ్ల వేడి కావాలి. ముప్పై లీటర్ల లోపు పెట్టెకు మూడు సెంటీమీటర్ల పఫ్ గోడ ఉందనుకుందాం. బయట 32 డిగ్రీలు, లోపల సున్నా ఉంటే, గోడల గుండా, మూత అంచుల గుండా వచ్చే వేడికి రోజుకు నాలుగు నుంచి ఐదు కిలోల మంచు కరుగుతుందని లెక్క తేలుతుంది. అదే పెట్టెను డిసెంబరులో దేవమాలి మీద ఉంచితే, అక్కడ రాత్రింబవళ్ల సగటు పధ్నాలుగు డిగ్రీల దగ్గర ఉన్న రోజున, రెండు కిలోలు చాలు. దేవమాలి ఎత్తు 1672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తైన శిఖరం లేదు. అక్కడి చలే మీకు సగం పని చేసి పెడుతుంది. అందుచేత కొండ ప్రయాణాలను దృష్టిలో పెట్టుకుని పెట్టెను ఎంచుకోకండి, గోపాల్‌పూర్ వేసవిని తట్టుకునే పెట్టె ఏదో చూసుకోండి.

ఇప్పుడు పదార్థం సంగతి. గోడల మధ్య నింపే పాలీయురేథేన్ ఫోమ్‌నే మన దుకాణాల్లో పఫ్ అంటారు. థర్మాకోల్‌తో పోలిస్తే అది వేడిని ఇంకా బాగా ఆపుతుంది. మూడు సెంటీమీటర్ల పఫ్ చేసే పనికి థర్మాకోల్ అయితే నాలుగున్నర సెంటీమీటర్లు కావాలి. అయితే కొన్ని చౌక పెట్టెల్లో పఫ్ పక్క గోడలకే ఉంటుంది, మూత మాత్రం బోలుగా, లోపల గాలి తప్ప ఏమీ లేకుండా ఉంటుంది. దుకాణంలో మూతను వేలి కణుపుతో తట్టి చూడండి. ఫోమ్ నిండిన మూత మందంగా, మొద్దుగా పలుకుతుంది, బోలు మూత డొల్లగా మోగుతుంది. పెట్టెలో మంచు అడుగున ఉంటుంది కనుక మూత ముఖ్యం కాదని ఒక దుకాణదారు నాతో వాదించాడు. కానీ పెట్టెకున్న ఆరు ముఖాల్లో మూత ఒకటి, దాని వైశాల్యం కూడా చిన్నదేమీ కాదు. మధ్యాహ్నం నడినెత్తి మీది ఎండ నేరుగా పడేది మూత మీదనే. మూత బోలుగా ఉంటే పక్క గోడలు ఎంత మందంగా ఉన్నా ఆ పెట్టెను కొనకండి.

తర్వాత చూడవలసింది మూత అంచు. ఒక కాగితం ముక్కను అంచు మీద సగం లోపలికి, సగం బయటికి ఉండేలా పెట్టి మూత మూయండి, ఆపైన కాగితాన్ని మెల్లగా లాగండి. ఎక్కడైనా అడ్డు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టే. నాలుగు పక్కలా, ముఖ్యంగా మూలల దగ్గర, బందుల పక్కన ఇలా చూడాలి. ఇంకా అనుమానం మిగిలితే ఫోనులోని టార్చిని వెలిగించి లోపల పెట్టి, మూత మూసి, దుకాణంలో చీకటిగా ఉన్న మూలకు తీసుకెళ్లి అంచు వెంట వెలుగు గీత కనబడుతుందేమో చూడండి. ఇలా పరీక్షిస్తుంటే దుకాణదారు విసుక్కోవచ్చు గానీ, నీళ్లు కారే బిందెను ఎవరూ తెలిసి కొనరు కదా.

అంచు ఇంత ముఖ్యమని చెప్పి, మూత తెరవడం గురించి అందరూ చేసే హెచ్చరికను నేను అంత తీవ్రంగా చేయను. మూత తెరిచి వెంటనే మూస్తే లోపలికి వచ్చేది పెట్టె నిండా ఉన్న తేమ గాలి మాత్రమే. ఖాళీ పెట్టెలో కూడా ఆ గాలిని చల్లబరచడానికి ఖర్చయ్యేది సుమారు పది గ్రాముల మంచు. పిల్లలు పగలంతా పదేపదే తెరిచినా పావుకిలో దాటడం కష్టం. అసలు నష్టం జరిగేది మూతను సగం మూసి వదిలేసినప్పుడు, వేడిగా ఉన్న వస్తువులను లోపల పెట్టినప్పుడు. పది లీటర్ల మంచినీళ్లను ముప్పై డిగ్రీల నుంచి ఐదు డిగ్రీలకు దించడానికే మూడు కిలోల మంచు కావాలి. ఆహారం ఉన్న పెట్టెలో చల్లబరచని నీళ్ల సీసాలు చేరిస్తే, మీ చేపలను కాపాడవలసిన మంచు నీళ్లను చల్లబరచడంలోనే ఖర్చైపోతుంది. నీళ్లకు వేరే పెట్టె ఉండాలని నేను చెప్పడానికి కారణం ఇదే.

ఆ రెండో పెట్టెకు థర్మాకోల్ చాలు. చిలికా రొయ్యలు, సముద్రపు చేపలు దూర ప్రాంతాలకు వెళ్లేది ఇలాంటి పెట్టెల్లోనే. చేపల మార్కెట్టులో వాటి ధర పఫ్ పెట్టె ధరలో ఐదో వంతు కూడా ఉండదు. మందంగా, గింజలు దగ్గరగా కుదురుకుని, గోటితో నొక్కితే సులువుగా లొత్త పడకుండా ఉండే పెట్టెను ఏరుకోండి. వాసన పట్టిన పాత పెట్టెలు వద్దు, కొత్తదే తీసుకోండి. అంచుల చుట్టూ వెడల్పాటి ప్యాకింగ్ టేపు చుడితే మూలలు విరగవు, గింజలు రాలవు. ఈ గింజల సంగతిలో నాది పట్టుదల. గోపాల్‌పూర్‌కు ఉత్తరాన ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. విరిగిన థర్మాకోల్ ముక్కలు గాలికి లేచి ఇసుకలో, నీళ్లలో కలిస్తే మళ్లీ ఏరడం ఎవరి తరమూ కాదు. పెట్టె విరిగితే ముక్కలన్నీ సంచిలో కట్టి ఇంటికి తెచ్చుకోవాలి, తీరంలో వదిలి రాకూడదు.

పరిమాణం విషయంలో పెద్దది కొంటే పోతుంది కదా అనిపిస్తుంది. పెట్టె ఘనపరిమాణం రెట్టింపైతే దాని ఉపరితలం 1.6 రెట్లే పెరుగుతుంది కనుక, నిండా మంచు నింపితే పెద్ద పెట్టే ఎక్కువ కాలం నిలుపుతుందన్నది నిజం. కానీ నలుగురికి రెండు రోజుల ఆహారం పన్నెండు, పదమూడు లీటర్ల చోటును మించదు. దానికి తొమ్మిది, పది కిలోల మంచు చేరిస్తే పాతిక లీటర్ల పైచిలుకు పెట్టె నిండుతుంది. యాభై లీటర్ల పెట్టె కొంటే సగం ఖాళీగా ఉంటుంది, లేదా దాన్ని నింపడానికి ఇంకా చాలా మంచు మోయాలి.

రోటోమోల్డింగ్ పద్ధతిలో, అంటే ప్లాస్టిక్‌ను తిరిగే అచ్చులో కరిగించి చేసిన మందపాటి, ఖరీదైన పెట్టెల గురించి కూడా మీరు చదివే ఉంటారు. వాటి నాణ్యతను నేను తక్కువ చేయను. నాలుగైదు రోజులు మంచు దొరకని చోట ఉండేవారికి, పడవల మీద పనిచేసేవారికి అవి తగినవే. రెండు రాత్రులకు మాత్రం ఆ ఖర్చు దండగ, పైగా ఖాళీ పెట్టే ఎంతో బరువుంటుంది. పెట్టె మీద ‘ఐదు రోజులు’ అని అచ్చు వేసే మాట నిండా మంచుతో, నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర, మూత పెద్దగా తెరవకుండా చేసిన పరీక్షలకు సంబంధించినదని గుర్తుంచుకోండి. కారు సాకెట్టుకు తగిలించే చిన్న ఎలక్ట్రిక్ పెట్టెలు బయటి ఉష్ణోగ్రత కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. రాయగడలో నలభై డిగ్రీల రోజున లోపల ఇరవై దాటి ఉంటుంది, అది మాంసానికి చాలదు. ఇంజను ఆపి రాత్రంతా నడిపితే బ్యాటరీ కూడా దిగిపోతుంది. బట్ట సంచి లాంటి కూలర్లు ఒక పూట ప్రయాణానికి సరిపోతాయి, అంతకు మించి వాటిని నమ్ముకోకండి.

బ్రాండ్ల విషయానికి వస్తే నీల్‌కమల్, సెల్లో వంటి మన కంపెనీలు, కోల్‌మన్, ఇగ్లూ వంటి విదేశీ కంపెనీలు రకరకాల ధరల్లో ఐస్ బాక్సులు అమ్ముతున్నాయి. ఒకే కంపెనీలో కూడా ఒక మోడల్ మూతలో ఫోమ్ ఉంటుంది, ఇంకో మోడల్ మూతలో ఉండదు. కాబట్టి పేరు చూసి కాక, పైన చెప్పిన పరీక్షలు చేసి తీసుకోండి. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువు ఉండగానే ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ముందు రోజు కొంచెం మంచు వేసి పెట్టెను లోపల చల్లబరచి, ఆ నీళ్లు పారబోసి, సరిగ్గా ఐదు కిలోల మంచు తూచి వేసి, నీడలో ఇరవై నాలుగు గంటలు కదపకుండా ఉంచండి. తర్వాత నీళ్లను మాత్రమే కొలపాత్రలోకి వంచండి. ఒక లీటరు నీళ్లంటే ఒక కిలో మంచు కరిగినట్టు. గది ముప్పై డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నాలుగున్నర లీటర్ల లోపు నీళ్లు వస్తే పెట్టెను ఉంచుకోండి, మంచు అంతా నీరైపోయి ఉంటే తిరిగి పంపేయండి.

పెట్టె ఎంత మంచిదైనా మంచు పేర్చే తీరు సరిగా లేకపోతే ఫలితం ఉండదు. చేపల వ్యాపారులు మంచును పొడి చేసి వాడతారు. చేప ఒంటికి అన్ని వైపులా తగిలి త్వరగా చల్లబరచడం వారికి కావలసింది. మనకు కావలసింది ఎక్కువ సేపు నిలవడం కనుక పెద్ద దిమ్మలే మేలు. మా ఇంట్లో లీటరు, రెండు లీటర్ల సీసాల్లో తాగే నీళ్లను, గడ్డకట్టినప్పుడు సుమారు తొమ్మిది శాతం పెరుగుతాయి కనుక, మెడ దాకా కాకుండా కొంత ఖాళీ వదిలి నింపి, రెండు రోజుల ముందే డీప్ ఫ్రీజర్‌లో పెడతాము. అవి కరిగాక తాగడానికి పనికొస్తాయి, ఆహారం తడవదు. మైనస్ పద్దెనిమిది డిగ్రీల దగ్గర గడ్డకట్టిన సీసా సున్నా దగ్గరున్న మంచు కంటే పదో వంతు ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది. చోటు చాలకపోతే ఐస్ ప్లాంటు దిమ్మ కొనుక్కోవచ్చు, కానీ అది తాగే నీళ్లతో చేసినదని నమ్మకూడదు. దాన్ని నీళ్ల పెట్టెలో, మూత బిగించిన సీసాల చుట్టూ మాత్రమే వాడండి. మంచు మీద ఉప్పు చల్లితే ఇంకా చల్లబడుతుంది గానీ త్వరగా కరిగిపోతుంది, కాబట్టి రెండు రోజుల ప్రయాణంలో ఆ పని చేయకండి.

మాంసం, చేపలను ముందే శుభ్రం చేసి, మసాలా పట్టించి, గట్టి డబ్బాల్లో గడ్డకట్టించి తెస్తే అవే మంచుగా పనిచేస్తాయి. వాటిని అట్టడుగున, సీసాల మధ్య ఉంచండి. పాలు, పెరుగు వాటిపైన, ఆకుకూరలు అన్నిటికంటే పైన ఉండాలి. లోపల ఒక చిన్న థర్మామీటరు వేసుకోండి. ఐదు డిగ్రీలు దాటి కొన్ని గంటలు గడిచిన పచ్చి చేపను, వాసన బాగానే ఉన్నా, పిల్లలకు పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ప్రయాణంలో పెట్టెను డిక్కీలో కాక, మీతో పాటు సీట్ల దగ్గర పెట్టుకోండి. ఎండలో ఆగిన కారు డిక్కీ బయటి గాలి కంటే బాగా వేడెక్కుతుంది. గుడారం దగ్గర నీడలో, నేలకు తగలకుండా రెండు కర్రల మీద ఉంచి, పైన తడి గోనెపట్టా కప్పండి. రాయగడ వైపు పొడి వేసవిలో ఈ గోనెపట్టా చాలా బాగా పనిచేస్తుంది. గోపాల్‌పూర్ తేమ గాలిలో నీరు అంతగా ఆవిరి కాదు కనుక అక్కడ దానివల్ల ఎండ తగలకపోవడం తప్ప పెద్ద లాభం ఉండదు. అక్కడ గుడారపు నీడ కంటే సరుగుడు చెట్ల నీడ చల్లగా ఉంటుంది.

కొనేటప్పుడు మూత క్లిప్పు, నీళ్లు వదిలే బిరడా, దాని రబ్బరు వాషరు విడిగా దొరుకుతాయో లేదో అడగండి. పెట్టె గోడలు ఏళ్ల తరబడి ఉంటాయి, ముందుగా పాడయ్యేవి ఈ మూడే. ఇంటికి వచ్చాక వంటసోడా కలిపిన నీళ్లతో లోపల కడిగి, బిరడా తీసి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, మూతను కొద్దిగా తెరిచి అటక మీద పెడితే బూజు వాసన రాదు.